అదే చేతి సంతకం

జూన్ 9, 2004, బుధవారం

అమెరికా నుంచి మెయిల్ వచ్చింది. ఆట కంపెనీ లైసెన్సు విభాగం నుంచి. మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబోతుంటే కరెంటు పోయింది.

నేనూ లక్ష్మీప్రియా కలిసి రాసిన ‘ఎండిన కోట’ పుస్తకం వాళ్ళ లైసెన్సు నిబంధనలను మీరిందట. రెండు తప్పులు చూపించారు. ముప్పై రోజుల్లో సరిదిద్దకపోతే లైసెన్సు రద్దు, ఆపైన ‘చట్టప్రకారం తగిన చర్య’. ఇదే ఉత్తరం కాగితం మీద కూడా రిజిస్టరు పోస్టులో మీ చిరునామాకు పంపాం అని చివర్లో ఉంది.

మీ చిరునామా అంటే మా ఇల్లు కాదు. మామయ్య అంగడి. పి. నాగసుబ్బయ్య అండ్ సన్స్, విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, మెయిన్ రోడ్డు, నందికొట్కూరు.

రాత్రి వంటకు వంకాయ కూర మాడ్చాను. అత్తమ్మ రుచి చూసి నా మొహం చూసింది.


జూన్ 10

ఏమీ కాదు. నలభై ఒక్కమంది కొన్న పుస్తకం. అంత పెద్ద కంపెనీకి మాతో ఏం పని? ఏమీ కాదు.


జూన్ 11, శుక్రవారం

టైలరు దగ్గరికని చెప్పి బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు వెళ్ళాను. లక్ష్మీప్రియ బెంగళూరులో ఆఫీసులో ఉంది. గొంతు తగ్గించి మాట్లాడింది.

“ఏం మే, అంత భయపడతాండావు? పుస్తకం సైటులోంచి నిన్ననే తీసేసినా. ఇంగ నువ్వు ఆ లెటరు పంపిస్తే అయిపాయె.”

“ఏం లెటరు?”

“మూడో పేజీ చదవలేదా? చదువు పో.”

మెయిలుకు తగిలించిన కాగితాల్లో మూడో పేజీ నిజంగానే చదవలేదు. ఇంటికొచ్చి చదివాను. అమ్మకం ఆపాలి. మిగిలిన ప్రతులన్నీ నాశనం చేయాలి. ఆ రెండూ చేశామని ఒక ఉత్తరం రాసి పంపాలి. ఆ ఉత్తరం మీద, లైసెన్సు కార్డు మీద ఎవరు సంతకం చేశారో వారే సంతకం చేయాలి.

వారే.


జూన్ 13, ఆదివారం

అందరూ పెళ్ళికి ఆత్మకూరు వెళ్ళారు. నాకు తలనొప్పి అన్నాను. అబద్ధం కాదు.

లైసెన్సు మొత్తం కూర్చుని చదివాను. ఈ పని రెండేళ్ళ కింద చేయవలసింది.

హాస్టల్లో చదువుకునే రోజుల్లో లక్ష్మీప్రియా నేనూ ఇంకో ఇద్దరూ, నలుగురం మంచాల మధ్య కింద కూర్చుని ఆడిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులై, ఇప్పుడు నేనిలా చేస్తాను అని చెబుతారు. చేసింది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. పెళ్ళయిన కొత్తలో ప్రదీప్‌కు ఇలాగే వివరిస్తే, “అంటే నాటకమా, జూదమా?” అన్నారు.

ఆ ఆట నియమాలు తీసుకుని ఎవరైనా సొంత కథల పుస్తకం వేసుకోవచ్చని కంపెనీయే అనుమతి ఇచ్చింది. కానీ అందులో రెండు గంపలు ఉన్నాయి. ఒక గంపలోవి అందరివీ: బలం లెక్క ఎట్లా, దెబ్బ లెక్క ఎట్లా, తాళం తీయాలంటే పాచిక ఎంత పడాలి. రెండో గంపలోవి కంపెనీ సొంతం: వాళ్ళు సృష్టించిన ఊర్లు, మనుషులు, కొన్ని జంతువులు. వాటి పేరు కూడా ఎత్తకూడదు. మా కోటకు కాపలాగా మేం పెట్టిన ‘యాష్‌వార్డెన్’, ఆ బూడిద ఒంటి కావలివాడు, రెండో గంపలోవాడు. అది ఒకటో తప్పు. పుస్తకం చివర లైసెన్సు మొత్తం అచ్చు వేసి, ఏయే పుస్తకాల నుంచి ఏం తీసుకున్నామో పేర్లు చెప్పాలి. ఆ రెండు పేజీల లాయరు ఇంగ్లీషు ఎవరు చదువుతారని మేం తీసేశాం. అది రెండో తప్పు.

లక్ష్మీప్రియ పర్వాలేదంది కాబట్టి తీసేశాను.

లేదు. తీసేద్దామన్నది నేనే. బూడిద కావలివాడి సంగతి కూడా నాకు తెలుసు. వాడి పేరు ఆ పట్టికలో చూశాను. చూసి, ఇంత దూరంలో ఎవరు పట్టుకుంటారులే అనుకుని పేజీ తిప్పేశాను.


జూన్ 15

ఒక మాట ఇందులో కూడా ఇప్పటిదాకా రాయలేదు.

లైసెన్సు కోసం నింపి పంపవలసిన కార్డులో కంపెనీ పేరు అడిగారు, శాశ్వత చిరునామా అడిగారు, యజమాని పేరు అడిగారు. ప్రియ ఆర్నెల్లకో గది మారుతుంది. నాకు కంపెనీ ఎక్కడిది? అంగడి పేరు రాశాను. అక్కడితో ఆగి ఉంటే ఏదో చెప్పుకోవచ్చు. కింద యజమాని సంతకం అని గీత ఉంది.

ఒక పాత బిల్లు కిటికీ అద్దానికి ఆనించి, పైన కార్డు పెట్టి, వెలుతురులో మామయ్య సంతకం దిద్దాను. పి. నాగసుబ్బయ్య. చివరి య్య తోక కిందికి లాగి వెనక్కి తిప్పుతారు. బాగా వచ్చింది. బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా.

దీన్ని ఫోర్జరీ అంటారు.


జూన్ 17, గురువారం

వ్యవసాయ శాఖ వాళ్ళు జీపులో వచ్చి అంగళ్ళన్నీ తనిఖీ చేస్తున్నారు. నకిలీ పత్తి విత్తనాలు అమ్ముతున్నారని పైనుంచి ఒత్తిడట. మార్కెట్ వీధిలో ఒకాయన లైసెన్సు నిలిపేశారు. పొద్దున మా అంగడికీ వచ్చి మూడు రకాల ప్యాకెట్లు నమూనాకు తీసుకున్నారు. మామయ్యకు కాఫీ ఫ్లాస్కు ఇవ్వడానికి వెళ్ళి చూశాను. గోడకు కట్టించిన ఫ్రేములోని లైసెన్సును ఆ కుర్ర అధికారి తీయమంటే, మామయ్య స్టూలెక్కి తీసి, పైపంచెతో దుమ్ము తుడిచి రెండు చేతులతో అందించారు. అరవై రెండేళ్ళ మనిషి.

ఈ సమయంలోనే ఆ కవరు రావాలా.


జూన్ 18

పోస్టుమ్యాన్ రాలేదు.


జూన్ 19

వచ్చాడు. బ్యాంకుది ఒకటి, పెళ్ళిపత్రిక ఒకటి. పదకొండున్నరకు వస్తాడు. ఆ వేళకు ఏదో ఒక వంకతో అంగడిలో ఉంటున్నాను. “అన్నం సరిగ్గా తినవు, ఎండలో అంగడికి తిరుగుతావు. ఏమన్నా విశేషమా వాణీ?” అని అత్తమ్మ అడిగింది. కాదన్నాను. సిగ్గనుకుంది. ఇందాక తనే మామిడికాయ కోసి ఉప్పూ కారం చల్లి నా పక్కన పెట్టి పోయింది.


జూన్ 21, సోమవారం

ప్రదీప్‌కు చెప్పేశాను. మధ్యాహ్నం భోజనం చేసి, గోడౌనుకు పోబోతూ చెప్పులు వేసుకుంటున్నారు. విని అరుగు మీదే కూర్చున్నారు.

“నాయన సంతకమా?”

“అవును.”

“నీకేమన్నా మతి ఉండాదా? నాయన ఉత్త కాగితం మీద నాకే సంతకం చెయ్యడు.”

రోడ్డు మీద ఎవరన్నా ఉన్నారేమో చూశారు. అప్పుడు గొంతు తగ్గించి, “ఇంగొకటి చెయ్యి. మొదటిది చేసినోళ్ళే రెండోది చెయ్యాల అన్నారు గదా. చేసింది నువ్వే గదా. ఏసి పంపి పారెయ్. నాయనకు మాత్రం తెలీకూడదు. ఈ తనిఖీలకే ఆయనకు బీపీ ఎక్కువయింటాది” అన్నారు.

కోపం చేస్తారనుకున్నాను. చేయలేదు. ఆయన కూడా భయపడ్డారు. అందుకే నా భయం ఇంకా పెరిగింది.


జూన్ 22

పదిహేడు సార్లు దిద్దాను. ఒక్కటీ రావడం లేదు. య్య తోక తిరిగే చోట చేయి ఆగిపోతోంది. కాగితాలన్నీ చింపి పొయ్యిలో వేశాను.


జూన్ 24, గురువారం

వచ్చింది.

నేను అంగడికి వెళ్ళేసరికే సంతకం పెట్టి తీసుకున్నారు. పదిన్నరకే వచ్చాడట ఈరోజు పోస్టుమ్యాన్. తెల్లటి పొడుగు కవరు మామయ్య చేతిలో ఉంది. ఇద్దరు రైతులు యూరియా కోసం నిలబడి ఉన్నారు. మామయ్యకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, చదవడం రాదు. అంగడికొచ్చే ఇంగ్లీషు కాగితాలన్నీ మూడేళ్ళుగా చదివేది నేనే.

“రా వాణమ్మా. సమయానికి వచ్చినావు. అమెరికా స్టాంపులు ఉండాయి. నా పేరు గూడా రాసినారు చూడు. ఏమంటారు?”

విప్పాను. మెయిల్లో ఉన్నదే. పైన ముద్ర, కింద నీలం సిరాతో ఎవరో చేసిన సంతకం. రైతులు కూడా చూస్తున్నారు.

“ప్రచార కాగితం మామా. అక్కడ ఏదో కంపెనీ. వాళ్ళ సరుకు గురించి రాశారు.”

“ఇంత దూరం మన అంగడి పేరు ఎట్ల తెలిసిండాది?”

“పేర్లు ఎక్కడో కొంటారు మామా, అందరికీ పంపుతారు.”

“రిజిస్టరులోనా?”

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. చేయి చాపాను, పడేస్తాను ఇవ్వండి అన్నట్టుగా. ఆయన ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు.


జూన్ 25, శుక్రవారం

పొద్దున పూజ సామాను ఇవ్వడానికి అంగడికి వెళ్ళాను. మామయ్య గోడమీది ఫ్రేము దించి ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఆ ఉత్తరం పరిచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోలుస్తున్నారు. ఎల్. ఐ. సి. ఈ. ఎన్.

“వాణమ్మా, ఈడ లైసెన్సు అని ఉండాది గదా?”

ఉంది. ఆ పేజీలో తొమ్మిదిసార్లు ఉంది.

“వాళ్ళ సరుకు అమ్మడానికి లైసెన్సు కావాలా అని అడుగుతున్నారు మామా.”

ఆయన నన్ను చూసిన చూపులో అనుమానం లేదు. అదే నాకు భరించరానిదైంది. నా మాట నమ్మారు. కానీ ఆ కాగితాన్ని నమ్మలేదు.


జూన్ 27, ఆదివారం

మామయ్య రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. మజ్జిగన్నం సగంలో వదిలేసి లేచారు. “ఏమయింది ఆయనకు?” అని అత్తమ్మ నన్నే అడుగుతోంది.

రేపు కర్నూలుకు పోతారట, తెలిసిన వకీలు దగ్గరికి, ఆ ఉత్తరం చూపించడానికి. “నువ్వు గూడా రామ్మా. వకీలు ఇంగ్లీషులో ఏమన్నా అంటే నువ్వు అర్థం చేసుకుంటావు” అన్నారు. ప్రదీప్ నా వంక చూసి, తల దించుకుని అన్నంలో వేళ్ళు తిప్పారు.

ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు. చెప్పినా వకీలు చదువుతాడు.


జూన్ 28, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. చేతికి ఇంకా బస్సు కమ్మీ వాసన వస్తోంది.

ఎనిమిదింటి బస్సు ఎక్కాం. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి ఆయన ఇవతల కూర్చున్నారు. ఒళ్ళో చేతిసంచి, సంచిలో ఉత్తరం. బ్రాహ్మణకొట్కూరు దాటింది. ఆ తర్వాత, ముందు సీటు కమ్మీని చూస్తూ, మెల్లగా మొదలుపెట్టారు.

“వాణమ్మా, నీకొక మాట చెప్పాల. ప్రదీప్‌కు గూడా తెలీదు.”

నేనే చెప్పబోతున్నాను అప్పటికి. గొంతుదాకా వచ్చింది. ఆయన ముందు చెప్పేశారు.

“పోయినేడు సీజన్లో ఒకాయన పత్తి ప్యాకెట్లు తెచ్చినాడు. బిల్లు ల్యా, లేబులు ల్యా. అమెరికా వాళ్ళు కనిపెట్టిన విత్తనమే, దొంగతనంగా చేసినారంట. లైసెన్సు ల్యాకుండా అమ్మకూడదని నాకు తెలుసు. తెలిసే తీసుకున్యా. రైతులు అదే గావాలని పట్టుబట్టినారు. ఇరవై ప్యాకెట్లు. ముప్పై ఏండ్ల అంగడిలో అదొక్కటే చేసినా. ఇప్పుడు ఆ అమెరికా వాళ్ళకు ఎట్లనో తెలిసినట్లుండాది. ముందర ఈడ ఆఫీసరు ప్యాకెట్లు తీసుకపాయ, ఎనకాలే ఆ కాగితం వచ్చ. నువ్వు నాకు భయమైతాదని చెప్పకుండా దాచిపెడతాండావు. నాకు తెలుసులేమ్మా.”

నాకు భయమవుతుందని దాచిపెడుతున్నావు. అలా అన్నారు ఆయన.

(ఈ పేజీ చింపేయాలి. ఆయన మాట నా దగ్గర కాగితం మీద ఉండకూడదు.)

“మామా, ఆ ఉత్తరం దాని గురించి కాదు” అన్నాను.

“మళ్ళా అదే చెప్తావు.”

“కాదు మామా. అది నా గురించి.”

చెప్పాను. ఆట, పుస్తకం, రెండు గంపలు, కార్డు, అంగడి పేరు. బస్సు మోతలో గట్టిగా చెప్పవలసి వచ్చింది, ముందు సీటులో ఆమె ఒకసారి వెనక్కి తిరిగింది. చివరికి సంతకం. కిటికీ అద్దం గురించి కూడా చెప్పాను. ఏదీ మిగల్చకూడదనుకున్నాను.

ఆయన మొదట అన్నది ఇది: “అయితే నా ప్యాకెట్ల గురించి గాదా?”

“కాదు మామా.”

పెద్దగా ఊపిరి వదిలి చొక్కా పై గుండీ విప్పుకున్నారు. మొహంలో నాలుగు రోజుల తర్వాత కొంచెం నెత్తురు కనిపించింది. అంతే, తప్పించుకున్నాను అనిపించింది నాకు. గార్గేయపురం వచ్చింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. బస్సు కదిలింది. అప్పుడు ఆయన నా వైపు తిరిగారు.

“మొన్న అంగడిలో నువ్వు చదివి చెప్పినదంతా అబద్దమా?”

“అవును మామా.”

“రైతుల ముందర.”

“అవును.”

“నిన్నగాక మొన్న, ఫ్రేము దించుకొని అడిగితిని. అప్పుడు గూడా.”

సంతకం గురించి ఒక్క మాట అనలేదు. కర్నూలు ఇంకా అరగంట. ఆ అరగంటలో అనుకున్నవన్నీ రాయలేను. పుట్టింటికి కడపకు పంపేస్తారనుకున్నాను. బస్సు ఆగితే దిగి ఎటైనా పోదామనుకున్నాను. ఆగింది, నేను దిగలేదు.

బస్టాండులో దిగి ఆయన వకీలు ఇంటివైపు నడవలేదు. పక్కన హోటల్లోకి వెళ్ళారు. రెండు టీలు చెప్పి, ఉత్తరం తీసి నా ముందు పెట్టారు.

“ఇప్పుడు చదువు. ఉండేది ఉన్నట్టు.”

చదివాను. ఒక వాక్యం ఇంగ్లీషులో, దాని అర్థం తెలుగులో. మూడు పేజీలూ. మధ్యలో ఆపి అడిగారు. గడువు ఏ తేదీ నుంచి? మెయిల్ అందిన రోజు నుంచి, అంటే జూలై తొమ్మిది. సరుకు తీసేసినారా? తీసేసింది ప్రియ. మిగిలినవి? నా బీరువాలో ఎనిమిది. ఆయన ప్రశ్నలు అడుగుతుంటే నాకు ఒక సంగతి తోచింది. లైసెన్సులతో ముప్పై ఏళ్ళు బతికిన మనిషికి ఈ కాగితం నాకంటే బాగా అర్థమవుతోంది.

“పట్టుకోవాలనుకున్నోడు గడువియ్యడు. వీళ్ళు దిద్దుకోమంటాండారు” అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. “ఏడ్చొద్దు. ఇంగా ఉండాది గదా, చదువు” అన్నారు.

చివరిది చదివాను. కార్డు మీద సంతకం చేసినవారే ఈ ఉత్తరం మీద సంతకం చేయాలి.

“మీరు చేస్తే అయిపోతుంది మామా” అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

“నేను చెయ్యని దానికి ఇప్పుడు చేస్తే, ముందరది గూడా నాదే అయితాది. చేసినోళ్ళే చెయ్యాల అని వాళ్ళే రాసినారు గదా. చేసింది నువ్వు. నీ పేరుతో నువ్వు చెయ్యి. మా మామ సంతకం నేను పెట్టినా అని రాయి.”

“అలా రాస్తే లైసెన్సు పోతుంది మామా. కేసు కూడా వేయవచ్చు.”

“పోతే పోతాది. కింద నేను గూడా చేస్తా, ఇది నాకు ఇప్పుడే తెలిసిందని. అది నిజమే గదా.”

రాజవిహార్ దగ్గర ఇంటర్నెట్ సెంటరులో ఉత్తరం టైపు చేశాను, మిగిలిన ఎనిమిది ప్రతులూ రేపు కాలుస్తానని కూడా. ‘నా మామగారికి తెలియకుండా’ అని రాయడానికి ఇంగ్లీషులో నాలుగు మాటలే పట్టాయి. ఆ నాలుగు మాటలు కొట్టడానికి చాలాసేపు పట్టింది. నా పేరు కింద నేను సంతకం చేశాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నేను రాసిన ప్రతి లైనుకూ తెలుగు చెప్పించుకుని, అప్పుడు చేశారు. నాకు గుర్తున్నంతవరకు ఆ య్య నేను దిద్దినదానికంటే చిన్నది, తోక పొట్టిది.

స్కాన్ చేసి మెయిల్ పంపాం. హెడ్ పోస్టాఫీసులో రిజిస్టరు కూడా చేశాం. తిరుగు బస్సులో ఆయన నిద్రపోయారు. లేదా కళ్ళు మూసుకున్నారు.


జూన్ 29

ఎనిమిది పుస్తకాలూ పెరట్లో కాల్చాను. స్పైరల్ తీగలు కాలలేదు. “మంచి కాగితాలు గదమ్మా, ఎందుకు?” అంది అత్తమ్మ. కాల్చేశానని కంపెనీకి మెయిల్ పెట్టాను. మామయ్య ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పినట్టు లేదు.


జూలై 2, శుక్రవారం

ఎరువుల కంపెనీ నుంచి ఇంగ్లీషు కాగితం వచ్చింది. అంగడి నుంచి ఇంటికొచ్చిన మామయ్య చేతిలో చూశాను. వంటగది గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను. నన్ను దాటుకుని వీధిలోకి వెళ్ళారు. పై వీధిలో రామేశ్వరమ్మ టీచరు ఉంది, రిటైరయిన ఇంగ్లీషు టీచరు. ఆమె దగ్గర చదివించుకున్నారట.

కోపంగా లేరు. “అన్నం తిన్యావా?” అని అడుగుతారు. మామూలుగానే అడుగుతారు.


జూలై 6

జవాబు లేదు. మెయిల్ ఈరోజు ఆరుసార్లు చూశాను.


జూలై 7

జవాబు లేదు. గేటు చప్పుడైతే పోలీసులనుకున్నాను. కొత్తిమీర అమ్మే హులిగెమ్మ.


జూలై 9, శుక్రవారం

గడువు ఈరోజుతో అయిపోయింది. ఏమీ రాలేదు. కర్నూలులో జరిగింది నా నోట విన్న ప్రదీప్ గుసగుసగా, “ఉన్నది ఉన్నట్టు చెప్పి పెద్ద తప్పు చేసినారు మీరిద్దరూ. ఇంగొక సంతకం ఏసింటే పీడ పోయేది” అన్నారు. ఆయన మాట నిజమేమో. మా చేతిరాతతో మేమే ఒప్పుకున్నాం. రెండు పేర్లతో. ఎవరైనా పట్టుకుని కోర్టులో పెట్టవచ్చు.

కొత్తగా ఒక భయం. కేసు వేస్తే ఉత్తరం కింద మామయ్య చేసిన సంతకం కూడా లెక్కలోకి వస్తుంది. నా వల్ల ఆయన నిజం సంతకం కూడా వాళ్ళ చేతికి పోయింది.


జూలై 12

ఏమీ లేదు.


జూలై 14, బుధవారం

జవాబు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి. ప్రింటు తీసి, మామయ్య అంగడి నుంచి వచ్చేదాకా చెంగులో పెట్టుకున్నాను. ఆయన కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాక, “మామా, జవాబు వచ్చింది. చదవనా?” అన్నాను.

“చదువు.”

నిలబడే చదివాను. యజమాని సంతకం కానందువల్ల ఆ కార్డు మొదటి నుంచీ చెల్లదు. అంటే మా పుస్తకానికి ఏనాడూ లైసెన్సు లేదు. ‘ఎండిన కోట’ను ఏ రూపంలోనూ ఇక అమ్మకూడదు. ప్రతులు కాల్చినట్టు రాసింది నమోదు చేసుకున్నారు. ప్రస్తుతానికి వేరే చర్య ఏదీ తీసుకోవడం లేదు. శ్రీవాణి గారు కావాలంటే తన సొంత పేరుతో, తన సంతకంతో మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు.

“ఇంగేమన్నా ఉండాదా?”

“లేదు మామా. అంతే.”

చేయి చాపారు. ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టారు. లేచి, విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకున్నారు. ఎక్కడికని అత్తమ్మ అడిగితే, “ఈడికే” అన్నారు. గుమ్మంలోంచి చూశాను. పై వీధి వైపు తిరిగారు.

రామేశ్వరమ్మ టీచరు ఇంటికి పోయి రావడానికి ఇరవై నిమిషాలు. ఈ నెలంతా పడిన భయం ఒక ఎత్తు, ఆ ఇరవై నిమిషాలు ఒక ఎత్తు. అబద్ధం చెప్పలేదు. ఒక్కటీ చెప్పలేదు. అయినా మనసులో మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ‘ప్రస్తుతానికి’ అన్న మాట చెప్పానా? కాగితంలో ఉంది. నేను నోటితో అన్నానా, కంటితో చూసి దాటేశానా? ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. దాటేసి ఉంటే ఆమె చెబుతుంది. ప్రస్తుతానికి అని ఉంది గదా, మీ కోడలు చెప్పలేదా అంటుంది. అప్పుడు ఇక ఎప్పటికీ...

అన్నం గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తమ్మ వచ్చి వెలిగించింది.

గేటు తీసిన చప్పుడు. చెప్పులు విప్పిన చప్పుడు. నేను వంటగది గుమ్మం దాటి రాలేకపోయాను. ఆయనే వచ్చారు. కాగితం నా చేతికిచ్చారు.

“నువ్వు చదివినట్లే ఉండాదమ్మా” అన్నారు. “ప్రస్తుతానికి అని గూడా చెప్పింది టీచరమ్మ. నువ్వు గూడా చెప్పింటివి.”

చెప్పి ఉన్నానట.

పెరట్లోకి పోయి కాళ్ళు కడుక్కుని వచ్చి, అన్నం పెట్టమన్నారు.